ఆరో గూడు

మూడో గూటి దగ్గరి పలకను కడగడం అయిపోయింది. సోఫుస్ రెండడుగులు వెనక్కి వేసి, నెత్తికి కట్టుకున్న లైటు వెలుగులో దాన్ని పరీక్షగా చూశాడు. నెల రోజుల లారీ పొగ, చక్రాలు చిమ్మిన బురద, కొండ కార్చిన నల్లనీళ్ళు అన్నీ వదిలిపోయి పలక కొత్త పళ్ళెంలా మెరుస్తోంది. కింద ఎడమ మూల గోరంత మచ్చ మాత్రం మిగిలింది. ఇంకో రోజైతే దాన్ని అక్కడే వదిలేసి బండెక్కేవాడు. ఇవాళ వదల్లేదు. బ్రష్షు మళ్ళీ బకెట్లో ముంచి, ఒక మోకాలి మీద కూర్చుని, ఆ గోరంత చోటునే పది నిమిషాలు తోమాడు.

పలక మీద అంత ప్రేమేం లేదు. కోటు జేబులో ఫోనుంది. అదీ సంగతి.

సొరంగంలో ఫోను పలకదు. ఇటు నోర్వీక్ ఊరివైపు మొగ దగ్గరో, అటు స్కార్దాల్ ఊరివైపు మొగ దగ్గరో నిలబడితే తప్ప సిగ్నల్ అందదు. ఆసుపత్రి వాళ్ళు ఇవాళ తొమ్మిదికీ మూడుకీ మధ్య ఫోను చేస్తామన్నారు. సోఫుస్ తొమ్మిదికి పది నిమిషాల ముందే సొరంగంలో దూరాడు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. ఈపాటికి ఎనిమిదో గూటి దగ్గర ఉండాల్సిన మనిషి మూడోదాని దగ్గరే తచ్చాడుతున్నాడు.

పెద్ద సొరంగమేమీ కాదది. ఫారో దీవుల ఉత్తరపు కొసన, రెండు సముద్రపు పాయల మధ్య నిలబడ్డ కొండను అడ్డంగా తొలిచిన రెండు కిలోమీటర్ల చీకటి. ఒక్క బండి పట్టే వెడల్పు. లోపల దీపాల్లేవు. ఎదురుబండి వస్తే ఒదగడానికి పక్క గోడలో రాతిని తొలిచి పదకొండు గూళ్ళు పెట్టారు. ప్రతి గూటి పక్కనా ఒక నీలం పలక. లైటు పడి అది మెరిస్తేనే గూడెక్కడుందో బండివాళ్ళకు తెలుస్తుంది. ఆ పలకల్ని మెరిపించడం, పైనుంచి రాలిన రాళ్ళను ఎత్తిపోయడం, వానకు జడిసి లోపలికి దూరిన గొర్రెలను బయటికి తోలడం, ముప్పై ఎనిమిదేళ్ళుగా సోఫుస్ ఉద్యోగం ఇదే. ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే "కొండకు పళ్ళు తోముతుంటాను" అంటాడు.

మనిషి పొడగరి. పైకప్పు తలకు ఎక్కడా అందదు గానీ, చీకట్లో కిందికి చూసుకుంటూ నడిచే అలవాటుకి మెడ కాస్త ముందుకు వాలిపోయింది. పెద్ద చెవులు, ఏడాది పొడుగునా ఎర్రగా ఉంటాయి. నారింజరంగు కోటు లోపల ఎల్స్పా అల్లిన బూడిదరంగు స్వెట్టరు. మోచేతుల దగ్గర మాత్రం నీలం. బూడిద ఊలు అయిపోతే కొత్తది వచ్చేదాకా ఆగే ఓపిక ఆవిడకు లేదు మరి. కుడిచేతి చూపుడు వేలు ఎన్నడో డ్రిల్లు మీట కింద నలిగి, మడవడానికి రాకుండా పోయింది. అతను ఊరికే నిలబడ్డా ఎవరికో దారి చూపిస్తున్నట్టే ఉంటాడు.

మూడు వారాల కిందట, దగ్గు తగ్గడం లేదని ఎల్స్పా పోరు పెడితే నోర్వీక్ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తిలో, పైభాగాన, తెల్లగా, బఠాణీ గింజంత మచ్చ. రాజధానికి పంపారు. అక్కడ పెద్ద మిషన్లో పడుకోబెట్టి, మంగళవారం కబురు చెప్తామన్నారు. రాళ్ళు తొలిచినవాడి ఊపిరితిత్తిలో మచ్చంటే ఏమిటో సోఫుస్‌కి ఎవరూ వివరించక్కర్లేదు. స్కార్దాల్ వైపు నుంచి డ్రిల్లు పట్టిన తొమ్మిదిమందిలో ముగ్గురు ఆ దారినే పోయారు. చివరిగా పోయిన వాల్దెమార్ లారీ చక్రాన్ని ఒంటి చేత్తో ఎత్తేవాడు. మచ్చ కనపడ్డాక ఐదు నెలలు తిరగలేదు.

అందుకే ఫోను మోగకూడదు. మోగనంత సేపూ అది ఉత్త మచ్చే.

పొద్దున ఎల్స్పాతో అబద్ధమాడి వచ్చాడు.

"ఇవాళ కూడా పనేంటయ్యా? ఇంటిపట్టున ఉండొచ్చుగా" అందావిడ, రొట్టె మీద గాలికి ఎండిన గొర్రెమాంసం పలచగా కోసి పేరుస్తూ.

"పలకలు కడగాలి. నెలాఖరు."

"పలకలెక్కడికీ పారిపోవు. రేపూ అక్కడే ఉంటాయి."

"మొగ దగ్గరే ఉంటాన్లే. మోగితే వినపడుద్ది."

ఎల్స్పా కత్తి ఆపి అతని మొహంలోకి చూసింది. ఆవిడ కళ్ళు చిన్నవి, లేత బూడిదరంగువి. అబద్ధాన్ని పట్టుకున్నాక కూడా కాసేపు దాన్ని ఆడుకోనిస్తాయవి. "సరే" అని రొట్టెను కాగితంలో చుట్టి, ఎందుకో మామూలుకన్నా రెండు ముక్కలు ఎక్కువే పెట్టింది.

స్కార్దాల్‌లోని ఆ ఇంటి నుంచి సొరంగం దాటి నోర్వీక్ వెళ్ళి, రోడ్లవాళ్ళ యార్డులో పికప్ బండి వెనక నీళ్ళ ట్యాంకు నింపుకున్నాడు. అక్కడి సూపర్‌వైజరు గున్లేయ్ అతని కూతురి వయసు మనిషి. బూట్లు ఎప్పుడూ లేసులు కట్టకుండా ఈడ్చుకుంటూ నడుస్తుంది. రిటైరయ్యే వయసు దాటి రెండేళ్ళయినా, నెలకు ఇంత అని పొడిగించుకుంటూ పనిచేస్తున్నాడు సోఫుస్. ప్రతి నెలాఖరునా ఆ పిల్ల అడుగుతుంది, ఇతను "రాసుకో" అంటాడు. ఇవాళా అడిగింది.

"ఏం సోఫుస్, వచ్చే నెలకీ రాసుకోనా?"

"సాయంత్రం చెప్తా."

గున్లేయ్ కాఫీ గ్లాసు కిందపెట్టింది. "అదేంటి కొత్తగా? ఇంకే ఊరివాళ్ళైనా ఇంతకన్నా ఎక్కువ గూళ్ళున్న సొరంగం చూపించి ఆశపెట్టారా?"

"పలకలు కూడా పెద్దవంట" అన్నాడు సోఫుస్. నవ్వాననే అనుకున్నాడు.

నాలుగో గూటికి బండి జరుపుకున్నాడు. ఇక్కడ రాయి ఎర్రగా ఉంటుంది. కొండ కడుపులో ఎర్ర పొర ఒకటి చేతి మందాన, గీత గీసినట్టు పోతుంది. అటు స్కార్దాల్ వైపు దాకా సాగిన ఆ పొరను మొదట చూసింది తనే, అక్కడ తొలుస్తూ. డ్రిల్లు మొన నుంచి ఎర్రనీళ్ళు కారితే వాల్దెమార్ "కొండకు దెబ్బ తగిలింది" అని కేకేశాడు. అప్పుడు సోఫుస్‌కి ముప్పై ఒకటి. అప్పటిదాకా అతని బతుకంతా కొండ మీదుగానే నడిచింది. బడికి కొండెక్కి దిగాలి. పంటి నొప్పికి కొండెక్కి దిగాలి. తండ్రి కొన్న కుట్టుమిషన్ని అన్నా తనూ వీపు మీద మోసుకుంటూ, వంతులు మార్చుకుంటూ, ఒక పగలంతా తెచ్చారు. మంచు పట్టిందంటే వారాల తరబడి ఉత్తరం ముక్క కూడా వచ్చేది కాదు. సొరంగం తొలుస్తారట అనగానే స్కార్దాల్‌లో మీసం మొలిచిన ప్రతివాడూ పనికి పేరిచ్చాడు.

రెండు వైపుల నుంచీ తొలిచారు. లోపలి నీళ్ళు బయటికి పారాలని రెండు చివర్ల నుంచీ కొంచెం కొంచెం ఎత్తుకు తొలుచుకుంటూ వెళ్ళారు. అందుకే సొరంగం నడుమ, ఆరో గూటికీ ఏడో గూటికీ మధ్య, చిన్న గుబ్బలా ఎత్తుగా ఉంటుంది. రెండు జట్లూ కలిసింది అక్కడే. పద్దెనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సోఫుస్ డ్రిల్లు మొన ఉన్నట్టుండి ఖాళీలోకి జారింది. పిడికిలి పట్టేంత బెజ్జం. అవతలి నుంచి గాలి కొట్టింది. ఆ గాలిలో వెన్న వాసన. తర్వాత ఆ బెజ్జంలోంచి పిండి అంటిన చెయ్యొకటి బయటికొచ్చింది. చేతిలో చుట్టిన పాన్‌కేక్, లోపల పుల్లటి రుబార్బ్ కాడల జాము.

"తినేవాళ్ళెవరైనా ఉన్నారా అటు, లేక గొర్రెలేనా?" అంది ఆడగొంతు.

అతను తిన్నాడు. వేళ్ళు నాక్కున్నాడు. మొహం చూడకముందే ఆవిడ చేతివంట తిన్నాడు. రాళ్ళు తొలగించి మనిషి పట్టే దారి చేయడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నోర్వీక్ జట్టుకు వంటచేసే ఎల్స్పా బెజ్జం దగ్గరికి వచ్చి ఇంకోటి, ఇంకోటి అందించింది. మూడో రోజున ఆవిడ మొహం చూసినప్పుడు సోఫుస్‌కి ఆశ్చర్యమేమీ కలగలేదు. ఇంత రుచికి ఈ మొహమే ఉంటుంది అనుకున్నాడు. ఆ చలికాలంలోనే పెళ్ళి.

వెనక వెలుగు పడింది. సోఫుస్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. రొట్టెల వ్యాను. నోర్వీక్ నుంచి స్కార్దాల్‌కి మధ్యాహ్నపు రొట్టెలు తీసుకెళ్ళే హైని అద్దం దించి తల బయటికి పెట్టాడు. గుండ్రటి మొహం, గుండ్రటి కళ్ళద్దాలు.

"ఇంకా నాలుగోదేనా? నీ ముందు నత్తలు రేసుగుర్రాలయ్యా!"

"పలక చూడు ఎలా ఉందో. నీ మొహం కనపడుద్ది."

"అందుకే అటు చూడటంలేదు." హైని సీటు పక్కనుంచి వేడిగా ఉన్న బన్ను ఒకటి తీసి అందించాడు. "ఎల్స్పాకేమైనా చెప్పమంటావా?"

"పని బాగా సాగుతోందని చెప్పు."

"నాలుగో గూటి దగ్గర ఒకే మచ్చని ముద్దుచేస్తున్నాడని చెప్తా" అని వ్యాను కదిలించాడు. వెనక ఎర్రదీపాలు చిన్నవై, నడుమ ఎత్తు దాటి మునిగిపోయాయి.

చీకట్లో, నీళ్ళచుక్కల చప్పుడు మధ్య, సోఫుస్ బన్ను చీల్చాడు. ఆవిరి లేచింది. ఛాతీలో మచ్చ ఉన్నవాడికి కూడా వేడి బన్ను ఇంత బాగుండటం అన్యాయం అనిపించింది. పూర్తిగా తిన్నాడు.

ఐదో గూట్లో ఒక గొర్రె ఉంది. చెవికి కోత చూస్తే నోర్వీక్ వాళ్ళది. నిండుచూలు. బయట ఈదురుగాలి ఉందేమో, గోడకు ఒళ్ళు ఆనించి, ఎవరేమన్నా కదలనన్నట్టు నిలబడింది. మామూలుగా అయితే తోలేవాడు. ఇవాళ దాని పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చుని, ఎల్స్పా కట్టిన రొట్టె తిన్నాడు. గొర్రె కాగితం చప్పుడు విని దగ్గరికొచ్చింది. "నువ్వూ దాక్కున్నావా?" అన్నాడు. రొట్టె అంచు పెట్టాడు. తర్వాత తాడు కట్టి, బండికి కట్టకుండా, తన పక్కనే నడిపించుకుంటూ నోర్వీక్ వైపు మొగ కనపడేదాకా తీసుకెళ్ళాడు. బయటి వెలుతురు పావలా బిళ్ళంత, తర్వాత పళ్ళెమంత అయింది. ఫోను పలకడానికి ఇంకో వంద అడుగులుందనగా ఆగి, తాడు విప్పి, గొర్రె వీపు మీద తట్టాడు. అది పోయింది. తను వెనక్కి తిరిగాడు.

ఆరో గూటికి చేరేసరికి మూడుకి పది నిమిషాలు. పికప్పుని గూట్లోకి వెనక్కి పెట్టి ఇంజను ఆపాడు. పలక మీద చెయ్యి వేశాడో లేదో, స్కార్దాల్ వైపు నుంచి, నడుమ ఎత్తుకు అవతల, పైకప్పు మీద వెలుగు పాకింది. బండేదో వస్తోంది.

ఇక్కడివాళ్ళ అలవాటొకటి చెప్పాలి. రూలు ప్రకారం స్కార్దాల్ నుంచి వచ్చే బండి నేరుగా పోవచ్చు, నోర్వీక్ నుంచి వెళ్ళేదే గూట్లో ఒదగాలి. కానీ రూలు పైఊళ్ళవాళ్ళ కోసం. ఊరివాళ్ళకు మర్యాద వేరే ఉంది. ముసలివాళ్ళొస్తే వాళ్ళు ముందు. బరువు బండైతే అది ముందు. ఎవరొస్తున్నారో తెలియకపోతే అవతలివాళ్ళే ముందు. గూట్లో ఒదిగినవాళ్ళు ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా లైట్లు ఆర్పేయాలి. లైట్లు ఆర్పాడంటే "నువ్వు రా" అన్నట్టు. రెండు వైపులవాళ్ళూ అతిమర్యాదస్తులైతే మాత్రం ఇబ్బందే. ఒకసారి చర్చి పాస్టరుగారూ, చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడా చెరొక గూట్లో లైట్లు ఆర్పుకుని, "ముందు మీరే" అని ఒకరికోసం ఒకరు నలభై నిమిషాలు కూర్చున్నారు. చర్చిలో జనం తమంతట తామే పాటలన్నీ పాడుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు.

సోఫుస్ నెత్తి మీది లైటు ఆర్పాడు. పికప్పులో కూర్చుని దాని లైట్లూ ఆర్పాడు. సరిగ్గా అప్పుడే అవతలి వెలుగు కూడా ఆరిపోయింది.

ఓహో, ఒదిగారు, అనుకున్నాడు. నా కోసం. నేనెక్కడికీ పోవడం లేదని వాళ్ళకు తెలియదుగా. లైటు ఒకసారి వెలిగించి ఆర్పితే వచ్చేస్తారు. చెయ్యి మీట దాకా వెళ్ళింది. వెలిగించలేదు. ఎవరైనా వస్తే పలకరిస్తారు, కబుర్లు చెప్తారు. ఇక్కడ ఈ చీకటి బాగుంది. గడియారంలో ముల్లు మాత్రం పచ్చగా మెరుస్తూ కదులుతోంది. మూడు దాటితే ఇవాళ్టికి ఫోను రాదు. ఇంకో రాత్రి దొరుకుతుంది. ఎల్స్పా పక్కన పడుకుని, ఆవిడ పాదాలు తన పిక్కలకు తగిలించి చలి కాచుకుంటుంటే, ఏమీ తెలియనట్టు ఇంకో రాత్రి. అంతకుమించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. బతుకంతా ఈ కొండ లోపలే గడిపాననిపించింది. దాని మీద పిల్లప్పుడు పరిగెత్తినవాడు, సొరంగం వచ్చాక ఒక్కసారి కూడా ఎక్కలేదు. అవసరమే రాలేదు. పైన గడ్డి ఎలా ఉంటుందో మర్చిపోయాడు.

ఐదు నిమిషాలు. పది. పన్నెండు.

అడుగుల చప్పుడు. టపటపమని, బూట్లు కాదు, మెత్తటివేవో. వాటితోబాటే పాట. పెద్ద గొంతుతో, తాళం తప్పి, పండగల్లో గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడుతూ పాడే పాత పాట. చీకటంటే భయపడే మనిషి ధైర్యం కోసం పాడే పాట. నడుమ ఎత్తు మీద చిన్న లైటు ఊగుతూ కనపడింది.

"ఎవరయ్యా అక్కడ?" కేక సొరంగమంతా దొర్లింది. "లైట్లార్పుకుని నిద్రపోతున్నావా? రావేం? ఎంతసేపని కూర్చోవాలి నీకోసం? నేను మా ఆయన దగ్గరికి వెళ్ళాలి, తొందర పనుంది!"

ఆ గొంతు సోఫుస్‌కి తెలుసు. కారు నడపడమంటేనే ఇష్టం లేని మనిషి. సొరంగంలోకి ఒంటరిగా ఏనాడూ రాని మనిషి.

"ఏం పని?" అన్నాడు. గొంతు బొంగురుపోయింది. గోడలు దాన్ని ఇంకా మార్చేశాయి.

"నీకెందుకు? దారి ఇస్తావా ఇవ్వవా?"

"ఎల్స్పా" అన్నాడు.

పాదాల చప్పుడు ఆగింది. లైటు అతని మొహం మీదికి లేచింది.

"నువ్వా!" అంది. "ఓరి దేవుడా, నువ్వా! పావుగంట నుంచి నీకోసం నేనూ నాకోసం నువ్వూ..." మాట ఆపేసి ఊపిరి తీసుకుంది. భుజం మీద తుడిచే గుడ్డ. కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే ఊలు చెప్పులు, తడిసి నల్లబడి ఉన్నాయి. ఒక చేతిలో ఫోను లైటు. ఇంకో చేతిలో, గుండెలకు అదుముకుని, నీలిపూల పింగాణీ కప్పు.

"మొగ దగ్గరుంటానన్నావు."

"అవును."

"హైని చెప్పాడు, నాలుగో గూట్లో ఉన్నావని. నువ్వు ఫోనెత్తవని నాకు ముందే తెలుసు. అందుకే ఆసుపత్రిలో ఇంటి నంబరు కూడా ఇచ్చొచ్చా."

సోఫుస్ తలుపు పట్టుకుని దిగాడు. దిగి నిలబడ్డాడు. "చెప్పెయ్" అన్నాడు.

"ఏం లేదట."

"ఏం లేదంటే?"

"ఏం లేదంటే ఏం లేదట! ఆ డాక్టరమ్మ పాత ఫైళ్ళన్నీ తవ్వించిందట. సొరంగం అయిన ఏడాది మీ అందరికీ ఎక్స్‌రేలు తీశారు చూడు, అది దొరికింది. దాంట్లోనూ ఉందట ఇదే మచ్చ. అదే చోట, అంతే సైజు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవగింజంత కూడా పెరగలేదట. ఎప్పుడో దూరిన రాతిపొడి, దాని చుట్టూ మానిపోయి గట్టిపడిందట. దగ్గు ఉత్త జలుబట. వేడినీళ్ళు తాగమంది. నవ్వింది కూడా!"

సోఫుస్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చేతితొడుగుతో కళ్ళు తుడుచుకున్నాడు. మొహం మీద నల్లటి చార పడింది. ఎల్స్పా భుజం మీది గుడ్డ తీసి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు, గట్టిగా, చెవుల వెనక దాకా తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ అతని తలను కడుపుకు హత్తుకుంది. ఇద్దరి భుజాలూ కదిలాయి. అది ఏడుపో నవ్వో ఆ సొరంగానికి కూడా తెలియలేదు. ఎటు నుంచి ఎటు తిప్పి చూసినా అదే చప్పుడు తిరిగొచ్చింది.

"ఈ కప్పెందుకు తెచ్చావు?" అన్నాడు కాసేపటికి.

ఎల్స్పా అప్పుడే దాన్ని చూసినట్టు చూసింది. "తుడుస్తుంటే ఫోను మోగింది. కింద పెట్టడం మర్చిపోయా. ఒళ్ళో పెట్టుకునే కారు నడిపా." అది వాళ్ళమ్మ ఇచ్చిన ఆరింటిలో ఒకటి. చుట్టాలొస్తే తప్ప బీరువాలోంచి బయటికి రాదు.

"తెచ్చావుగా, తాగుదాం మరి." ఫ్లాస్కులో అడుగున కాస్త కాఫీ మిగిలింది. సగం చల్లారింది. కప్పులో పోశాడు. నువ్వంటే నువ్వని, ఒక గుక్క ఆవిడా ఒక గుక్క అతనూ తాగారు. ఇంత చెత్త కాఫీ ఇంత బాగుండటం ఇద్దరికీ నవ్వు తెప్పించింది.

ఉన్నట్టుండి స్కార్దాల్ వైపు నుంచి లైట్లు మీద పడ్డాయి. హైని వ్యాను, తిరిగి నోర్వీక్ వెళ్తోంది. బ్రేకు వేసి తల బయటికి పెట్టాడు.

"ఏడో గూట్లో ఖాళీ కారు చూసి నా గుండె జారిపోయింది. మీరిద్దరూ ఇక్కడ కాపురం పెట్టారా? ఇంట్లో చోటు చాల్లేదా?"

"ఇక్కడైతే నీలాంటివాళ్ళు తలుపు కొట్టకుండా వస్తారుగా" అంది ఎల్స్పా.

హైని వెనకాల బస్సు హారను మోగింది. దాని వెనక ఇంకేదో. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. కప్పు గోడలోని రాతి అంచు మీద పెట్టేసి, సోఫుస్ పలకకు ఆనించిన బ్రష్షూ బకెట్టూ బండిలోకి విసిరాడు. ఎల్స్పా అతని లైటు అందుకుని తన కారు దగ్గరికి ఊలు చెప్పులతో పరిగెత్తింది. బళ్ళన్నీ పోయాక, ముందు పికప్పూ వెనక చిన్న ఎర్రకారూ నోర్వీక్ వైపు బయటికి వచ్చాయి. మొగ దాటగానే సోఫుస్ జేబులో ఫోను నాలుగుసార్లు కుయ్యిమంది. అతను తీసి చూడలేదు.

గున్లేయ్ యార్డులో గొట్టాలు చుడుతోంది.

"ఆ, చెప్పు. రాసుకోనా?"

"వద్దు" అన్నాడు సోఫుస్. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. "ఆరు నుంచి పదకొండు దాకా పలకలు కడగలేదు. అది నీకు చెప్పాలి."

గున్లేయ్ తాళాల వంకా అతని వంకా చూసింది. గొంతు తగ్గించింది. "ఒంట్లో బాగానే ఉందా సోఫుస్?"

"బాగుంది. అందుకే."

అర్థమైనట్టు తల ఊపింది. అర్థం కాకపోయినా పట్టుబట్టి అడిగే మనిషి కాదు. ఎల్స్పా కాళ్ళ వంక చూసి, లోపలికి వెళ్ళి, తన రెండో జత బూట్లు తెచ్చింది. "ఈ చెప్పులతో ఎక్కడికి తీసుకెళ్తున్నావీమెని?"

"ఇంటికి" అన్నాడు సోఫుస్, కొండ వైపు చూపిస్తూ. "పైనుంచి."

"పిచ్చా నీకు?" అంది ఎల్స్పా. అంటూనే వంగి బూట్ల లేసులు కట్టుకుంది. "కారు?"

"రేపు తెచ్చుకుందాం."

గాలి పడిపోయింది. మబ్బు విడి, పాయ నీళ్ళ మీద వెలుతురు వెండి రేకులా పరుచుకుంది. పొద్దు కుంకడానికి ఇంకా నాలుగు గంటలుంది. గొర్రెలు తొక్కిన బాటలో, దారి గుర్తుకి పాతవాళ్ళు పేర్చిన రాళ్ళ కుప్పల వెంట ఇద్దరూ ఎక్కారు. ఎర్రముక్కు పక్షులు వచ్చి వారమే అయింది. కొత్తగా వచ్చిన ఉత్సాహంతో నెత్తి మీద తిరుగుతూ కీచుమంటున్నాయి. మూడో కుప్ప దగ్గర సోఫుస్ ఆగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పాడు. ఎల్స్పా పక్కనే నిలబడి చూసింది. ఊపిరి పోయింది, వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. అతను తలెత్తి నవ్వాడు.

"ముసలోడా, కూర్చుంటావా?"

"నువ్వు కూర్చో. నాకు ఊపిరితిత్తులున్నాయి" అని ముందుకు నడిచాడు.

గడ్డి తడిగా, మెత్తగా ఉంది. పిల్లప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. గట్టెక్కే చోట అతను చెయ్యి చాచాడు, ఆవిడ పట్టుకుంది. ఎక్కాక కూడా వదల్లేదు. కాసేపటికి నారింజరంగు కోటూ, భుజం మీద తెల్లగుడ్డా, కొండ అంచు దాటి అవతలికి దిగిపోయాయి.

వాళ్ళు నడిచిన గడ్డికి ఎంతో లోతున, ఆరో గూట్లో, రాతి అంచు మీద నీలిపూల కప్పు నిలబడి ఉంది. అడుగున గుక్కెడు కాఫీ మిగిలిన ఆ కప్పులోకి, పైనుంచి ఉండుండి, ఒక్కొక్క నీటిచుక్క రాలుతోంది.